రెప్ప మూసి రెండు లెక్కపెట్టమన్నారు

"అడ్డం తప్పుకో మా."

"తప్పుకోను."

"మా, మంచిగా చెప్తాండా. పక్కకు పో."

"మంచిగా చెప్పేటోని చేతిలో కొడవలెందుకురా? అది కింద పెట్టి చెప్పు, ఇంటా."

"వాని చెయ్యి తీసుకొని వస్తా. ఒక్క చెయ్యి చాలు. ఏ చేత్తో మనోన్ని కొట్టినాడో ఆ చెయ్యి."

"తెచ్చి ఏం చేస్తావ్? కూర వండమంటావా నన్ను?"

"నీకు ఎగతాళిగా ఉందా? ఆడ పండుకోనుండాడు చూడు, మొగం ఎట్లయిందో. కన్నతల్లివేనా నువ్వు?"

"కన్నతల్లిని కాబట్టే ఈడ నిలబడినా. పోవాలంటే ముందు నన్ను నరికి, దాటుకొని పో."

ఇది ఆళ్లగడ్డలో మా ఇంటి గడప మీద, దీపాలు పెట్టే వేళకు, నాకూ మా పెద్దకొడుక్కూ మధ్య నడిచిన మాట. వాడు ట్రాక్టరు తోలేవాడు. మనిషి మంచివాడే గానీ కోపమొస్తే చెవులు మూసుకుపోయేవి. లోపల మంచం మీద పడుకున్నది మా చిన్నకొడుకు. పై పెదవి చీలింది. ఎడమ కనుబొమ్మ మీద ఐదు కుట్లు పడ్డాయి. ఒక పన్ను ఊడితే వాడే ఏరుకొని చొక్కా జేబులో వేసుకున్నాడు. రెండు గంటల ముందు బస్టాండులో ముగ్గురు కలిసి వాణ్ణి కొట్టారు. బస్సులో తమ ఇంటి కోడలికి కన్ను కొట్టాడని కొట్టారు.

వాడు చేసింది కంటి డాక్టరు చేయమన్న పని. రెప్పలు గట్టిగా మూసి, రెండు లెక్కపెట్టి, తెరవడం. అంతే. అది ఎందుకు చేయాల్సి వచ్చిందో చెప్పాలంటే వాడి చిన్నతనం దాకా పోవాలి. ముందే ఒక మాట చెప్తాను, ఆ దెబ్బలకు వాడి కన్ను పోలేదు. పోయిందేమో పోయిందేమో అని చదివేవాళ్ళను చివరిదాకా భయపెట్టుకుంటూ పోవడం నాకు నచ్చదు. భయపడాల్సింది వేరే ఉండింది.

వాడికి తొమ్మిదేళ్ళు వచ్చేదాకా వాడి చూపు తక్కువని మాకు తెలియదు. మొద్దు అనుకున్నాం. బియ్యంలో రాళ్ళు ఏరమని చేట ముందు పెడితే సగం రాళ్ళు వదిలేసేవాడు. ఆ రాయి మా ఆయన పంటి కింద పడేది. మా ఆయన చెయ్యి నా మీద పడేది. నా చీపురుకట్ట వాడి మీద పడేది. మా ఇంట్లో కోపం ఇట్లా మెట్లు దిగుతూ చిన్నవాడి దగ్గరికి వచ్చి ఆగేది. వాడి కిందెవరూ లేరు. బడిలో నల్లబల్ల మీద చూసి రాయమంటే పక్కవాడి పలక చూసి రాసేవాడు. దానికి అక్కడ వేరే దెబ్బలు.

చివరికి బడికి వచ్చిన కంటి శిబిరంలో వాళ్ళే చూసి, పిల్లోడికి దూరం చూపు లేదని చీటీ రాసిచ్చారు. కళ్ళద్దాలు పెట్టిన మొదటి రోజు వాడు ఇంటి ముందర నిలబడి, ఎదురింటి కప్పు మీది బండలను ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాడు. నేను లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చున్నాను. ఎన్ని చీపురుకట్టలు అరగదీశానో తలుచుకుంటూ కూర్చున్నాను.

ఆ తర్వాత వాడి కళ్ళద్దాలు మూడుసార్లు పగిలాయి. ఒక్కసారి కూడా కింద పడి పగలలేదు. మొదటిసారి పంతులు చెంపదెబ్బకు. రెండోసారి, మా ఆయన నన్ను జుట్టు పట్టుకొని కొడుతుంటే వాడు మధ్యలోకి వచ్చాడు, అప్పుడు. మూడోసారి సైకిలు కోసం అన్నదమ్ములు కొట్టుకున్నప్పుడు. పగిలిన ప్రతిసారీ నేను దారంతో కట్టి, లక్క పెట్టి అతికించి వాడుకోమన్నాను. కొత్తవి కొనలేదు. వాడు ఏడాదిపాటు ఒక పగిలిన అద్దంలోంచే చదువుకున్నాడు.

వాడికి పన్నెండేళ్ళప్పుడు మా ఆయన పోయాడు. కాలువ నీళ్ళ వంతు దగ్గర తగాదా పడి, తల మీద పార దెబ్బ తిని, మూడు నెలలు మంచంలో ఉండి పోయాడు. మా మరిది దానికి బదులు తీరుస్తాడని అందరికీ తెలుసు. అందుకని మా వీధి మొదట్లో ఒక కానిస్టేబులును కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నలభై రోజులు కూర్చున్నాడాయన. లావుపాటి మనిషి, తుపాకి ఒళ్ళో పెట్టుకొని కునుకు తీసేవాడు. చిన్నోడు రోజూ చెంబుతో నీళ్ళు తీసుకుపోయి ఇచ్చేవాడు. ఒకరోజు నాతో అన్నాడు: "ఆయప్ప ఊరికే కూచోనుంటాడు మా. అయినా ఎవరూ ఎవర్నీ కొట్టుకోవడం లేదు."

కుర్చీ తీసేసిన వారానికి మా మరిది పోయి, పారతో కొట్టినవాణ్ణి నరికాడు. ఏడేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. వచ్చినాక ఎవరితోనూ మాట్లాడలేదు.

చిన్నోడికి పోలీసు కావాలని అప్పుడే పడింది. ఆ కుర్చీలో కూర్చోవాలని పడింది. డిగ్రీ అయినాక ఎంపికకు పోయాడు. పరుగు పెట్టాడు, దూకాడు, ఛాతీ కొలిచారు. అన్నీ సరిపోయాయి. కళ్ళద్దాలు తీసి గోడ మీది అక్షరాలు చదవమన్నారు. గోడే కనపడలేదట వాడికి.

లేజరుతో కాల్చి చూపు సరిచేస్తారని ఎవరో చెప్పారు. అప్పటికి ఆ మాట మా ఊళ్ళో కొత్త.

"కన్ను కాల్పించుకునేదేందిరా," అన్నాను. "పొయ్యిలో నిప్పురవ్వ పడితేనే పది దినాలు ఏడుస్తామే."

"నొప్పి ఉండదంట మా. పది నిమిషాల పని."

"పది నిమిషాల్లో గొర్రెను కూడా కోస్తారు."

వాడు నాతో వాదించలేదు. నంద్యాలలో ఒక వడ్లమిల్లులో పనికి కుదిరి, రెండేళ్ళు బస్తాలు మోశాడు. చాలకపోతే నేనే బర్రెను అమ్మాను. అమ్మి, ఆ సంగతి వాడికి చెప్పకుండా, బర్రె చచ్చిపోయిందన్నాను. చెప్తే వాడు వద్దంటాడు. లేదంటే ప్రతి పండక్కీ కాళ్ళకు మొక్కుతాడు. రెండూ నాకు గిట్టవు.

హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకొని మూడో రోజు దిగాడు. ఎదురు పోయిన నాతో బస్టాండు నుంచి నడిచి వస్తూ దారిలో ఉన్న బోర్డులన్నీ పైకి చదువుతూ వచ్చాడు. ఎరువుల దుకాణం, పళ్ళ డాక్టరు, సినిమా కాగితం మీద సన్న అక్షరాలు. "ఊరుకో, మంది చూస్తాండారు," అన్నాను. ఆ రాత్రి నేను ప్రార్థనలో చాలాసేపు కూర్చున్నాను.

నెల తిరిగేసరికి మొదలైంది. ఇసుక పడినట్టు ఉందనేవాడు. పొద్దున లేస్తే రెప్పలు గుడ్డుకు అతుక్కొని, వేలితో తెరుచుకోవాల్సి వచ్చేది. మిల్లులో ఊక దుమ్ము. దాంట్లో పగలంతా ఉండి, సాయంత్రానికి కళ్ళు మిరపపండ్లలాగా చేసుకొని వచ్చేవాడు. నేను నమ్మలేదు. పని తప్పించుకునే ఎత్తనుకున్నాను. ఆ ఏడు మా ఏసు గుడిలో విందుకు ఉల్లిగడ్డలు తరిగే పని మా వీధి ఆడవాళ్ళకు వచ్చింది. రెండు బస్తాలు. అందరం కళ్ళు ముక్కు తుడుచుకుంటూ తరుగుతున్నాం. చిన్నోడు వచ్చి మా పక్కన కూర్చొని, ఒక చేట నిండా తరిగాడు. ఒక్క చుక్క రాలేదు. ఆడవాళ్ళు నవ్వారు. "నీ కొడుకుది రాతిగుండె వొదినా, వీనికి పిల్లనిచ్చేటోళ్ళు జాగర్త," అన్నారు. నేనూ నవ్వాను. తర్వాత వాడి మొహంలోకి చూశాను. ఎర్రగా, పొడిగా, ఎండిన చెరువు అడుగులాగా ఉన్నాయి కళ్ళు. అప్పుడు నమ్మాను.

నంద్యాలలో కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన సన్నటి కాగితం ముక్కలు రెండు వాడి కింది రెప్పల్లో తగిలించి, గడియారం చూస్తూ ఐదు నిమిషాలు కూర్చోబెట్టాడు. తీసి నాకు చూపించాడు. కొస మాత్రం తడిసింది. "మీకు పెడితే సగం దాకా తడుస్తుందమ్మా," అన్నాడు. నల్లగుడ్డు మీది పొరను మూతలాగా ఎత్తి, లోపల లేజరు కొట్టి, మళ్ళీ మూస్తారట. ఎత్తేటప్పుడు సన్ననరాలు తెగుతాయట. కన్ను ఎండిందనే కబురు ఆ నరాల గుండానే పోవాలి. నరం తెగితే కబురు పోదు, కబురు పోకపోతే నీళ్ళు రావు. చాలామందికి ఆరు నెలలకో ఏడాదికో నరాలు మళ్ళీ అల్లుకుంటాయన్నాడు. అంతవరకు కన్నీళ్ళలాంటి చుక్కల మందు రెండు గంటలకోసారి వేసుకోవాలి. గాలిలో, దుమ్ములో తిరిగేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోవాలి. రెప్పలు సగం సగం ఆడించకుండా పూర్తిగా మూసి, రెండు లెక్కపెట్టి, కొంచెం నొక్కి, తెరవాలి. ఎన్నిసార్లు గుర్తొస్తే అన్నిసార్లు. కంటికి దెబ్బ తగలనివ్వొద్దన్నాడు.

ఈ నాలుగు మాటల్లో రెండింటిని నేను చెడగొట్టాను.

చుక్కల మందు రోజుకు రెండుసార్లు చాలన్నాను. సీసా త్వరగా అయిపోతుందని కుండ పక్కన చల్లగా పెట్టి, నేనే లెక్కగా ఇచ్చేదాన్ని. నల్లద్దాలు కొన్న వారానికే వద్దన్నాను. ఇది పిసినారితనం కాదు. ఆ రోజుల్లో మా ఊళ్ళో నల్లద్దాలు పెట్టుకొని తిరిగేవాళ్ళంటే కక్షలు నడిపే పెద్దవాళ్ళ జీపుల వెనక కూర్చునేవాళ్ళు. ఎవరి జీపు అని అడుగుతారు. ఈ పక్కవాడని ఒకరు, ఆ పక్కవాడని ఒకరు అనుకుంటారు. ఇద్దరూ అనుకుంటే మనిషి మిగలడు. నంద్యాలలో పెట్టుకో, ఆళ్లగడ్డ పొలిమేరలోకి పెట్టుకొని రావద్దని చెప్పాను. వాడు రెండుచోట్లా మానేస్తే, తీసి నా పెట్టెలో పెట్టి తాళం వేశాను.

"ఎండకు కండ్లు మండుతాండాయి మా," అన్నాడొకసారి.

"మండితే మూసుకో. డాక్టరు చెప్పినాడు కదా మూసుకోమని."

అట్లా వాడికి ఆ రెప్పల పని ఒక్కటే మిగిలింది. అన్నం తింటూ చేసేవాడు, మాట్లాడుతూ చేసేవాడు. గుడిలో పాట పాడుతూ చేస్తుంటే అయ్యగారు వాడు భక్తిలో ఉన్నాడనుకున్నారు.

ఇంతలో రెండోసారి రాత పరీక్ష రాసి గట్టెక్కాడు. ఇంకో మూడు వారాలకు పరుగు, కంటి పరీక్ష అని కాగితం వచ్చింది. ఆ తర్వాత పోలీసులు ఊళ్ళోకి వచ్చి వీడి మీద ఏదన్నా కేసుందా అని విచారిస్తారు. కేసు పడితే చదువు, పరుగు, కాల్పించుకున్న కళ్ళు, అన్నీ దండగ. ఆ కాగితాన్ని నేను గోడకు మేకు కొట్టి తగిలించాను, ఇంట్లోకి వచ్చినవాళ్ళకు ముందు అదే కనపడేటట్టు.

ఆ శనివారం వాడు మిల్లు దిగి నంద్యాల నుంచి సాయంత్రం బస్సెక్కాడు. కూర్చోవడానికి చోటు లేదు. ముందర కమ్మీ పట్టుకొని, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. ఎదురు సీట్లో కొత్తగా పెళ్ళైన పిల్ల, పక్కన అత్త. పిల్ల మొగుడు వాళ్ళ వెనక నిలబడి ఉన్నాడు. సిరివెళ్ళ దాటినాక గాలి ఎక్కువైంది, కిటికీల్లోంచి దుమ్ము కొడుతోంది. వీడు రెప్పలు మూయడం, తెరవడం, మూయడం. చూసేవాడికి ఎట్లా ఉంటుందో వీడికి తట్టలేదు. వీడికి ఎదురుగా ఎవరున్నారో కూడా తెలియదు. కళ్ళు మండేవాడు ఎదుటి మనిషిని చూడడు.

బస్సు దిగగానే మొగుడు వెనక నుంచి మెడ పట్టుకున్నాడు. వాళ్ళను తీసుకుపోవడానికి వచ్చిన ఆ మొగుడి చిన్నాయన కొడుకులు ఇద్దరు కలిశారు. మొదట చెప్పులతో కొట్టారు. తర్వాత చెరుకురసం బండి దగ్గరి చెరుకుగడలతో కొట్టారు. వీణ్ణి ఆసుపత్రిలో కుట్లు వేయించి ఇంటికి తెచ్చిన సోడాబండి ఆయన చెప్పాడు నాకు: "ఎంత కొట్టినా మీవాడు కండ్లల్లో నీళ్ళు పెట్టలేదమ్మా. గుడ్లు తెరుచుకొని అట్లే చూస్తాండె. ఏడ్చింటే ఇడిసిపెడుతురు. దానికే వాళ్ళకు ఇంకా మండింది. ఎంత పొగరు చూడు నాకొడుక్కి అని ఇంకో నాలుగు వేసినారు."

ఇదీ కొడవలి అటక మీద నుంచి దిగడానికి కారణం.

గడప మీద పెద్దోడు నన్ను భుజంతో నెట్టాడు. నేను కొడవలి అంచు పట్టుకున్నాను. అరచెయ్యి తెగింది. నెత్తురు చూసి వాడు ఆగాడు. ఆ ఆగిన క్షణంలో రెండో చేత్తో చెప్పు తీసి వాడి మొహం మీద కొట్టాను. ఇరవై ఎనిమిదేళ్ళ మగవాణ్ణి, వీధి చూస్తుండగా కొట్టాను.

"మీ చిన్నాయన పోయి ఏం తెచ్చినాడురా? చెప్పు. మీ నాయన్ని లేపుకొని వచ్చినాడా?"

వాడు చెంప తుడుచుకున్నాడు.

"ఆ గోడ మీద కాగితం చూడు. నువ్వు ఒక్కని చెయ్యి నరికితే, నరికినోని తమ్ముడు వీడు అని రాస్తారు. ఆ కాగితంతో నేను పొయ్యి అంటించుకోవాల్సిందే."

మంచం మీద నుంచి చిన్నోడు, పెదవి వాచి మాట సరిగా రాక, "వద్దు న్నా," అన్నాడు. "తెలీక కొట్టినారు. చెప్తే ఇంటారు."

వాడి మాటే నాకు దారి చూపించింది. చెప్తే వింటారు. కొడవలి పెట్టెలో పెట్టి తాళం వేసి, చేతికి గుడ్డ కట్టుకొని, డాక్టరు చీటీ, చుక్కల సీసా కొంగులో ముడేసుకున్నాను. పెద్దోడితో అన్నాను: "నువ్వు కూడా రా. మగదిక్కు లేదనుకోకూడదు. కానీ చేతులు కట్టుకొని నిలబడాల. నేను చెప్పేదాకా కదిలితే నేను నీ తల్లిని కాదు." చిన్నోణ్ణి కూడా లేపాను. వాళ్ళు వాడి కళ్ళు చూస్తే నమ్ముతారనుకున్నాను. ఆ రాత్రి నేను చేసిన తప్పుల్లో అది మొదటిది.

వాళ్ళ ఇల్లు ఊరికి అటు చివర. బండపరుపు ముంగిలి, బల్బు వెలుగుతోంది. అత్త అరుగు మీద కూర్చొని వక్క కత్తిరిస్తోంది. వయసులో నా కంటే పెద్ద.

"ఏందీ, మందిని ఏస్కొని వచ్చినావా?" అంది.

"ఇద్దరు కొడుకులు మందెట్లవుతారు అక్కా. మీరు ముగ్గురు కలిసి ఒక్కన్ని కొట్టినారు, దాన్ని మంది అంటారు."

"బాగా పెంచినావులే. బస్సులో ఆడోళ్ళకు కన్ను కొడతాండాడు."

"వాని కండ్లల్లో నీళ్ళు లేవక్కా. ఆపరేషన్ అయింది. రెప్పలు మూసి తెరవమని డాక్టరు చెప్పినాడు. ఇదిగో చీటీ."

"నాకు చదువు రాదు."

"నాకు మూడో తరగతి వచ్చు. అది ఇంగ్లీషు, నాకూ రాదు. ఇంద, ఈ సీసా చూడు. కన్నీళ్ళు కొనుక్కొని పోసుకుంటాండాడు నా కొడుకు."

ఆమె సీసా తీసుకొని వాసన చూసింది. ఒక చుక్క అరచేతిలో పిండుకొని నాలుకకు పెట్టుకుంది. "ఉత్త నీళ్ళు," అంది. "దీనికి దుడ్లు పెడతారా? నన్ను అడిగింటే నేనే ఇస్తుంటి. ముప్పై ఏండ్లుగా ఈ ఇంట్లో దండిగా ఉండాయి."

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నవ్వలేదు గానీ అడకత్తెర కింద పెట్టింది. చిన్నోణ్ణి వెలుతురులోకి పిలిచి, గడ్డం పట్టుకొని కళ్ళు చూసింది. "పిల్లోనికి నీళ్ళియ్యి," అని లోపలికి కేకేసింది. కోడలు ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, తలుపు దగ్గరికి పోయి నిలబడింది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళు ఉంటాయి. చేతుల గోరింటాకు ఇంకా పోలేదు.

పని అయిపోయినట్టే ఉండింది. మేము లేచి వచ్చేయాల్సింది. కానీ ఆ పిల్ల మొగుడు లోపలి నుంచి వచ్చాడు.

"చీటీ ఉంటే కన్ను కొట్టచ్చా?" అన్నాడు. "ఎవురికి చెప్తాండారు కతలు? నా కండ్లతో నేను చూసినా."

నాకు పంతం వచ్చింది. గెలవాలనిపించింది. నెత్తురు కారే చెయ్యి ఒకటి సలుపుతోంది. తలుపు దగ్గర నిలబడిన పిల్లను చూసి అన్నాను: "పాపా, నువ్వు చెప్పు. ఎదురుగా ఉన్నది నువ్వే కదా. వాడు నీకు కన్ను కొట్టినాడా?"

అంతవరకు ఆ పిల్లను ఎవరూ అడగలేదు. బస్టాండులోనూ అడగలేదు, ఇంట్లోనూ అడగలేదు. ఆమె అత్త వైపు చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది:

"లేదు. రెండు కండ్లూ మూసి తెరుస్తాండె. సిరివెళ్ళ కాడి నుంచి అట్లే చేస్తాండాడు. కండ్లు బాగలేవేమో, పాపం అనుకొన్యా."

నేను ఆమె మొగుడి వైపు తిరిగి, "ఇన్నావా అప్పా?" అన్నాను.

వాడు పెళ్ళాం దగ్గరికి పోయి అడిగాడు: "సిరివెళ్ళ కాడి నుంచి చూస్తాండావా నువ్వు, వాని మొగం?"

ఆ పిల్ల నోరు తెరిచేలోపల కొట్టాడు. తల పోయి తలుపు చెక్కకు తగిలింది. ముక్కులోంచి నెత్తురొచ్చింది. రెండోసారి కొట్టాడు. అత్త "రేయ్" అందే గానీ లేవలేదు. మూడోసారి చెయ్యి ఎత్తాడు.

నేను పెద్దోడి వైపు చూశాను, వాడే దూకుతాడని. వాడు చేతులు కట్టుకొని, నేను చెప్పినట్టే, రాయిలాగా నిలబడి ఉన్నాడు. దూకింది చిన్నోడు. చేతిలో చెంబు ఉండింది, నీళ్ళు సగం తాగిన చెంబు. దాంతో ఆ మొగుడి తల మీద కొట్టాడు. ఒకసారి కాదు. మొగుడు కూలబడినాక కూడా కొట్టాడు. మూడో దెబ్బకు చెంబు సొట్టపోయింది. వాడు అరవలేదు, తిట్టలేదు. ఎండిన కళ్ళు రెప్ప వేయకుండా కొట్టాడు. నా కడుపున పుట్టినవాళ్ళలో మెత్తనివాడు వీడేనని ఇరవై నాలుగేళ్ళు అనుకున్నాను.

లోపలి నుంచి ఆ చిన్నాయన కొడుకులిద్దరూ కర్రలతో వచ్చారు. పెద్దోడు నా వైపు తిరిగి, "ఇప్పుడు కదలచ్చునా మా?" అన్నాడు.

"తమ్మున్ని ఎత్తుకో," అన్నాను.

వాడు తమ్ముణ్ణి బస్తాలాగా భుజాన వేసుకొని నడిచాడు. వీపు మీద రెండు కర్ర దెబ్బలు పడ్డాయి, తిరిగి చూడలేదు. నేను వెనక్కి వెనక్కి నడుస్తూ, వాళ్ళకు అడ్డంగా వచ్చాను. ఆ పిల్ల తలుపు దగ్గరే ఉంది. కొంగుతో ముక్కు పట్టుకొని నన్నే చూస్తోంది. అడిగింది నేనే కదా.

ఇంటికి వచ్చినాక చిన్నోణ్ణి అడిగాను, "ఎందుకు కొట్టినావురా? నిన్ను కొడితే ఊరుకొన్యావే."

"తెలీదు మా," అన్నాడు.

నేను మళ్ళీ అడగలేదు. ఆడదాన్ని తలుపుకేసి కొట్టడం వాడు ఎక్కడ చూశాడో నాకు తెలుసు. అప్పుడు వాడి చేతిలో ఏమీ లేదు. చిన్నపిల్లోడు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు నంద్యాల పోయి కన్ను చూపించుకోవాలని ముగ్గురం తయారయ్యాం. తలుపుకు తాళం వేస్తుండగా కానిస్టేబులు సైకిలు మీద వచ్చాడు. మా చిన్నోడి వయసే ఉంటుంది. జేబులోంచి కాగితం తీసి పేరు చదివి, "ఎవరు?" అన్నాడు.

"నేనే సార్," అన్నాడు చిన్నోడు.

తల పగలగొట్టారని ఫిర్యాదు వచ్చింది, ఆసుపత్రిలో ఏడు కుట్లు వేశారు, స్టేషనుకు రావాలి అన్నాడు.

పెద్దోడు ముందుకు వచ్చాడు. "కొట్టింది నేను. నన్ను రాసుకో."

"పేరు ఈయనది రాసిచ్చినారు," అన్నాడు కానిస్టేబులు.

చిన్నోడు నడిచాడు. కానిస్టేబులు సైకిలెక్కకుండా నెట్టుకుంటూ వాడి పక్కన నడిచాడు. పెద్దోడూ నేనూ వాళ్ళ వెనక పోయాం. పది గంటలకు కేసు రాసి, వాడి చేత సంతకం పెట్టించుకున్నారు.